అన్యలోక జీవాన్వేషణ – మన చౌటినేలలు

భూమిపై తప్ప మరెక్కడనైనా ప్రాణం ఉన్నదా అనే ప్రశ్న మానవజాతికి కొత్తది కాదు. నక్షత్రాలతో నిండిన ఆకాశాన్ని చూచిన ప్రతి తరమూ ఆ ప్రశ్న వేసుకొన్నది. తత్త్వవేత్తలు తర్కించారు, కవులు ఊహించారు. ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధంలో అది శాస్త్రజ్ఞుల ప్రయోగశాలలలో ప్రవేశించింది. అయితే సమాధానం కొరకు వారు పట్టిన త్రోవ మొదటి చూపునకు వింతగా తోస్తుంది. దూరదర్శినులతో ఆకాశాన్ని వెదకి వారు తృప్తి పడలేదు. మరుగుతున్న నీటి గుండాలలోనికి, సూర్యకాంతి సోకని సముద్రగర్భంలోనికి, వాన ఎరుగని మంచు ఎడారులలోనికి, ఉప్పు తేలిన సరస్సులలోనికి దిగారు. అక్కడ ఏమి ఉన్నదని అడగడానికి ముందు ఇక్కడ ఏమి ఉన్నదని అడిగారు.

దీనికి కారణం గ్రహించడం కష్టం కాదు. మనకు తెలిసిన ప్రాణం ఈ భూమిపైనే ఉన్నది. పోల్చి చూచుటకు రెండవ ఉదాహరణ లేదు. అంగారక గ్రహంపై సగటు ఉష్ణోగ్రత సున్నాకు దిగువన సుమారు 60 డిగ్రీలు. అక్కడి గాలి ఒత్తిడి భూమిపై ఉన్నదానిలో నూరవ వంతు కూడా లేదు. నేల ఎండిపోయినది, ఉప్పు నిండినది. సూర్యుని అతినీలలోహిత కిరణాలు అడ్డులేక పడుతుంటాయి. అటువంటి చోట ప్రాణి బ్రతుకగలదా అని తెలియవలెనంటే, అటువంటి కష్టాలలో కొన్నైనా ఉన్న స్థలాలను భూమిపైనే వెదకి, అక్కడ ఎవరు నివసిస్తున్నారో, ఎట్లా నివసిస్తున్నారో, చనిపోయిన తరువాత ఎటువంటి గుర్తులు విడిచిపోతున్నారో తెలుసుకొనవలెను. అంతకంటె ముఖ్యంగా, ప్రాణి లేకుండానే ప్రాణి గుర్తువలె కనిపించి మనలను మోసగించేవి ఏవో తెలుసుకొనవలెను.

నేను తెలుగు అధ్యాపకుణ్ణి. విజ్ఞానశాస్త్రం నా వృత్తి కాదు. కాని ఈ విషయం నన్ను ఆకర్షించినది ఒక మాట మూలంగా. "బంజరు" అనే పదం తెలుగువారి నోట, ఉర్దూవారి నోట ఒక్కటే. ఏమీ పండని నేల అని రెండు భాషలలోను దానికి అర్థం. మన ప్రాచీన కవులు చౌటినేలను "ఊషరక్షేత్రం" అన్నారు. అపాత్రునికి చేసిన ఉపకారాన్ని ఊషరక్షేత్రంలో చల్లిన విత్తనంతో పోల్చడం మన సాహిత్యంలో పరిపాటి. భాష ఇట్లా ఒక నేలను వ్యర్థమని ముద్ర వేసింది. ఆ ముద్ర క్రమంగా నేల నుండి మనుషులకు పాకుతుంది. కృష్ణా తీరాన ఉన్న మన పెబ్బేరు ప్రాంతానికి, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ సీమలకు "వెనుకబడినవి" అనే విశేషణం ఎంతకాలంగా అంటిపెట్టుకొని ఉన్నదో మనకందరికీ తెలుసు. ఇక్కడ పుట్టిన విద్యార్థి విజ్ఞానమంటే ఎక్కడో నగరాలలో, విదేశాలలో జరిగేదని, తన కాలి క్రింది మట్టితో దానికి సంబంధం లేదని అనుకొనడంలో ఆశ్చర్యం ఏమున్నది? అన్యలోక జీవాన్వేషణ చరిత్ర ఈ అభిప్రాయాన్ని పూర్తిగా తలక్రిందులు చేస్తున్నది. వ్యర్థమనుకొన్న నేలలే అందులో ప్రధాన గ్రంథాలు. వాటిని చదవడం మన విద్యార్థులకూ సాధ్యమేనని, మన కళాశాల అందుకు పూనుకొనవలెనని ఈ వ్యాసంలో నా వాదం.

ముందుగా ఆ చరిత్రను సంగ్రహంగా చూద్దాం. అమెరికాలోని ఎల్లోస్టోన్ ఉద్యానవనంలో పొగలు క్రక్కే వేడినీటి గుండాలు ఉన్నాయి. అంతటి వేడిలో ప్రాణి నిలువదని చాలాకాలం అనుకొనేవారు. 1966లో థామస్ బ్రాక్ అనే శాస్త్రజ్ఞుడు తన విద్యార్థి హడ్సన్ ఫ్రీజ్‌తో కలిసి అక్కడి నీటి నుండి ఒక బాక్టీరియాను సేకరించారు. సుమారు 70 డిగ్రీల వేడిలో అది హాయిగా పెరుగుతుంది. 1969లో దానికి థెర్మస్ అక్వాటికస్ అని పేరు పెట్టారు. 1977లో పసిఫిక్ మహాసముద్రంలో గాలపాగోస్ దీవుల సమీపాన, సుమారు రెండున్నర కిలోమీటర్ల లోతున, ఆల్విన్ అనే జలాంతర నౌకలో దిగినవారికి వేడినీటి ఊటల చుట్టూ గుంపులు గుంపులుగా ప్రాణులు కనిపించాయి. సూర్యకాంతి చేరని ఆ చీకటిలో, భూగర్భం నుండి వెలువడే హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి రసాయనాల నుండి శక్తిని సంపాదించే బాక్టీరియాలే ఆ లోకానికి ఆధారం. సూర్యుడు లేనిదే ప్రాణం లేదన్న సామాన్య విశ్వాసానికి అక్కడ పరిమితి ఏర్పడింది. శనిగ్రహపు చంద్రుడైన ఎన్సెలాడస్ మంచు పగుళ్ళ నుండి నీటి ఆవిరి చిమ్ముతున్నదని కస్సీని నౌక 2005లో కనుగొన్నపుడు, ఆ మంచు క్రింది సముద్రాన్ని గురించి శాస్త్రజ్ఞులు అంత ఆసక్తితో మాట్లాడగలిగినది గాలపాగోస్ లోతులను ఎరిగి ఉండుటవల్లనే.

మంచు ఎడారి కథ మరింత గంభీరమైనది. అంటార్కిటికా ఖండంలోని మక్‌మర్డో శుష్క లోయలు భూమిపై అంగారకుని పోలిన స్థలాలలో ముఖ్యమైనవి. ఆ మట్టి నిర్జీవమని కొందరు ప్రకటించారు. వుల్ఫ్ విష్నియాక్ అనే సూక్ష్మజీవ శాస్త్రజ్ఞుడు దానిని అంగీకరించలేదు. అంగారకునిపై ప్రాణిని పసిగట్టుటకు ఆయన రూపొందించిన పరికరాన్ని ఖర్చు భారమని వైకింగ్ నౌకల నుండి తొలగించారు. అయినా ఆయన పని మానలేదు. స్వయంగా ఆ లోయలకు వెళ్ళి, మట్టిలో పాతిపెట్టిన గాజుపలకలపై సూక్ష్మజీవులు పెరుగుతున్నాయని చూపించారు. 1973 డిసెంబరులో, తాను అమర్చిన పరికరాలను తిరిగి తెచ్చుకొనుటకు వెళ్ళి, కొండచరియ నుండి జారిపడి మరణించారు. ఆ తరువాత 1976లో ఇమ్రే ఫ్రీడ్‌మన్, రోసెలీ ఒకాంపో అనే శాస్త్రజ్ఞులు ఆ లోయలలోని ఇసుకరాళ్ళను పగులగొట్టి చూడగా, పై పొరకు కొన్ని మిల్లీమీటర్ల లోపల, రాతి రేణువుల నడుమ, ఆకుపచ్చని సూక్ష్మజీవుల పొర కనిపించింది. చలికి, గాలికి వెరచి ప్రాణం రాతిలోనే ఇల్లు కట్టుకొన్నది.

అదే సంవత్సరం, 1976 జూలై 20న వైకింగ్-1, సెప్టెంబరు 3న వైకింగ్-2 అంగారకునిపై దిగాయి. ఆ మట్టికి పోషకద్రవం కలిపినపుడు ఒక ప్రయోగంలో వాయువు వెలువడింది. ప్రాణి ఉన్నదన్నంత పని జరిగింది. కాని మరొక పరికరం ఆ మట్టిని వేడిచేసి చూడగా, ప్రాణికి ఆధారమైన కర్బన పదార్థాల జాడ లేదని తేలింది. ఆ వాయువు వట్టి రసాయన చర్య ఫలితమని అధిక సంఖ్యాకులు నిర్ణయించారు. ముప్ఫై రెండేళ్ళ తరువాత, 2008లో ఫీనిక్స్ నౌక అంగారకుని మట్టిలో పెర్‌క్లోరేట్ అనే లవణాన్ని కనుగొన్నది. ఆ లవణం ఉన్న మట్టిని వేడిచేస్తే కర్బన పదార్థాలు కాలిపోతాయి. వెదకిన తీరే వెదకిన వస్తువును నశింపజేసి ఉండవచ్చునన్నమాట! నేల లోని ఉప్పును గురించి చక్కగా తెలియనిదే ఆ నేల చెప్పే మాట అర్థం కాదని ఈ ఉదంతం బోధిస్తున్నది.

ఇదంతా పరదేశాల కథ అని అనుకొనరాదు. ఈ అన్వేషణలో ఒక ముఖ్యమైన ఘట్టం మన హైదరాబాదులోనే జరిగింది. ప్రాణబీజాలు అంతరిక్షం నుండి భూమికి వచ్చి ఉండవచ్చునని ఫ్రెడ్ హాయల్, చంద్ర విక్రమసింఘె అనే శాస్త్రజ్ఞులు వాదించేవారు. వాదాన్ని పరీక్షించకుండా ఒప్పుకొనడమూ, త్రోసిపుచ్చడమూ రెండూ శాస్త్రపద్ధతులు కావు. జయంత్ నార్లీకర్ నాయకత్వంలో భారత అంతరిక్ష పరిశోధన సంస్థ అండతో శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగం తలపెట్టారు. ఎత్తైన ఆకాశం కూడా ఒక బంజరు భూమియే. నీరు లేదు, ఆహారం లేదు, గాలి అత్యల్పం, చలి అధికం. అతినీలలోహిత కిరణాలు తీవ్రం. అక్కడి గాలిని పట్టి తెచ్చి, అందులో ప్రాణి ఉన్నదేమో చూడవలెనన్నది సంకల్పం.

2001లో మొదటి ప్రయోగం జరిగింది. ఫలితం అనుకూలంగానే వచ్చింది. గాలిలో సూక్ష్మజీవులు కనిపించాయి. ఇతరులైతే అంతటితో డప్పు వేయించి ఉండేవారు. వారు అట్లా చేయలేదు. ఆ జీవులు భూమిపై నుండి పరికరాలకు అంటుకొని వెళ్ళినవి కావని ఎట్లా చెప్పగలమని తమను తామే ప్రశ్నించుకొని, మరింత జాగ్రత్తతో ప్రయోగాన్ని మరల చేయ నిశ్చయించారు. 2005 ఏప్రిల్ 20న హైదరాబాదులోని టాటా మౌలిక పరిశోధన సంస్థ వారి జాతీయ బెలూన్ కేంద్రం నుండి 2 కోట్ల 67 లక్షల ఘనపు అడుగుల బెలూన్ ఎగిరింది. దానికి వ్రేలాడిన సామగ్రి బరువు 459 కిలోలు. అందులో గాలి తీసివేసి, సూక్ష్మజీవరహితంగా శుద్ధి చేసిన 16 ఉక్కు గొట్టాలు ఉన్నాయి. వాటిని 38 కిలోల ద్రవ నియాన్‌లో ముంచి ఉంచారు. ఆ ద్రవం ఉష్ణోగ్రత సున్నాకు దిగువన సుమారు 246 డిగ్రీలు. అంతటి చలికి, మూత తెరవగానే బయటి పలుచని గాలి లోనికి లాగబడి గడ్డకడుతుంది. ఈ విధంగా 20 కిలోమీటర్ల నుండి 41 కిలోమీటర్ల ఎత్తు వరకు వేర్వేరు స్థాయిలలో గాలిని బంధించి, గొట్టాలను పారాచూట్లతో క్రిందికి దింపారు.

ఆ నమూనాలను హైదరాబాదులోని సి.సి.ఎం.బి., పుణేలోని జాతీయ కణవిజ్ఞాన కేంద్రం ఒకే పద్ధతిలో, కాని విడివిడిగా పరీక్షించాయి. సి.సి.ఎం.బి.లో ఆ బాధ్యత వహించినవారు ఎస్. శివాజీ. అంటార్కిటికాలోని షిర్మాకర్ ఒయాసిస్ మట్టి నుండి చలికి వెరవని బాక్టీరియాలను కనుగొన్న అనుభవం ఆయనకు ఉన్నది. మొత్తం 12 బాక్టీరియా, 6 శిలీంధ్ర సమూహాలు పెరిగాయి. బాక్టీరియాలలో తొమ్మిది భూమిపై తెలిసిన జాతులకు 98 శాతానికి మించి సన్నిహితమైనవి. మూడు మాత్రం కొత్త జాతులు. హాయల్ పేర జానిబాక్టర్ హాయలీ, ఇస్రో పేర బాసిల్లస్ ఇస్రోనెన్సిస్, ఆర్యభట్టు పేర బాసిల్లస్ ఆర్యభట్టై అని వాటికి నామకరణం చేసి 2009 మార్చిలో లోకానికి తెలిపారు. ఆ మూడూ తమ సమీప బంధువుల కంటె అతినీలలోహిత కిరణాలను ఎక్కువగా తట్టుకొంటాయి.

ఇంత సాధించి, ఆ శాస్త్రజ్ఞులు ప్రకటించినది ఏమిటి? ఈ జీవులు అంతరిక్షం నుండి వచ్చినవని ఈ ప్రయోగం రుజువు చేయడం లేదు. పరిశోధన కొనసాగించుటకు ప్రోత్సాహం మాత్రం ఇస్తున్నది – ఇంతే. ఆ సంయమనం ఎంత సమంజసమో కాలం నిరూపించింది. తరువాతి సంవత్సరాలలో ఆర్యభట్టై జాతి బాక్టీరియా పంటమొక్కల వేళ్ళ చెంత మట్టిలో పలు దేశాలలో కనిపించింది. మొక్కల పెరుగుదలకు అది తోడ్పడుతుందని పరిశోధకులు వ్రాశారు. ఆకాశంలో దొరికినది మన పొలాల మట్టికి చుట్టమని తేలింది. మట్టి నుండే ఏ సుడిగాలికో పైకి ఎగిరి వెళ్ళినదని దీనివల్ల సంపూర్ణంగా రుజువు కాకపోయినా, ఆకాశపు అతిథి అని తొందరపడి చాటినవారు ఉంటే వారు ఈనాడు తలవంచుకొనవలసి వచ్చేది. నా దృష్టిలో హైదరాబాదు ప్రయోగపు ఘనత ఆ మూడు కొత్త జాతుల కంటె ఈ వాక్శుద్ధిలోనే ఎక్కువగా ఉన్నది. దొరికినదానికి మించి ఒక్క మాట కూడా చెప్పకుండుట సత్యనిష్ఠ. పరీక్షలలోను, పత్రికలలోను, వేదికలపైన కూడా మనం నేర్చుకొనవలసిన గుణం అది.

వదంతులు ఎంత సులభంగా పుడతాయో చెప్పుటకు దూరం పోనక్కరలేదు. 2022 డిసెంబరులో వికారాబాదు జిల్లాలోని ఒక పల్లె పొలంలో వింత ఆకారపు పెద్ద గుళిక దిగింది. ఆకాశం నుండి ఎవరో వచ్చారని జనం గుమికూడారు. అది హైదరాబాదు బెలూన్ కేంద్రం నుండే పరీక్షార్థం ఎగురవేసిన, మనుషులు లేని గుళిక అని తరువాత తెలిసింది. బెలూన్ల నుండి దిగే పెట్టెలు కనిపిస్తే విప్పవద్దని, పోలీసు ఠాణాకో తపాలా కార్యాలయానికో తెలుపవలసినదని ఆ కేంద్రం వారు పత్రికలలో ప్రకటిస్తుంటారు. ఆ పెట్టెలో ఏండ్ల శ్రమ ఉండవచ్చు. తెలియక పెట్టిన ఒక్క వ్రేలిముద్రతో అది వ్యర్థం కావచ్చు. విజ్ఞానం ప్రయోగశాల గోడల మధ్య మాత్రమే ఉండదు. పొలంలో నిలబడిన రైతు వివేకంపై కూడా అది ఆధారపడి ఉంటుంది.

ఇక మన నేల సంగతి చూద్దాం. మన ప్రాంతంలో చౌడు ఎరుగనివారు లేరు. తెల్లగా ఉప్పు పేరుకొనేది పాలచౌడు. నల్లబడి, తడిస్తే జిగటయై, ఎండితే గట్టిపడేది కారుచౌడు. కాలువ నీరు పారిన పల్లపు పొలాలలో మురుగు పోవుటకు దారి లేకపోతే ఉప్పు పైకి తేలి మంచి నేల కూడా చౌడెక్కుతుంది. సబ్బులు రాని కాలంలో రజకులు చౌడుమన్ను తెచ్చి బట్టలు ఉతికేవారు. మురికిని విడగొట్టే ఆ గుణం అందులోని సోడాది, అనగా సోడియం కార్బొనేట్‌ది.

ఆ సోడాను గురించి ఒక వార్త వినండి. ఒసైరిస్-రెక్స్ అనే నౌక బెన్నూ అనే గ్రహశకలం నుండి మట్టిని సేకరించి 2023 సెప్టెంబరు 24న భూమికి చేర్చింది. దాని తూకం 121.6 గ్రాములు, అనగా మన పాత తూనికలో పది తులాలకు కాస్త పైన. 2025 జనవరిలో శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఫలితాల ప్రకారం ఆ మట్టిలో ఉప్పునీరు నెమ్మదిగా ఎండిపోగా మిగిలే లవణాలు ఉన్నాయి. సోడా సరస్సులు ఎండినపుడు ఏర్పడే ట్రోనా అనే సోడియం కార్బొనేట్ ఖనిజం వాటిలో ఒకటి. జీవులు మాంసకృత్తుల నిర్మాణానికి వాడుకొనే 20 అమైనో ఆమ్లాలలో 14 కూడా అందులో ఉన్నాయి. ప్రాణి దొరికినదని వారు అనలేదు. ప్రాణికి కావలసిన ముడిసరుకు ఉన్నదన్నారు. మన పూర్వులు బట్టలు ఉతికిన చౌడుకు, ఆకాశంలో తిరిగే ఆ శకలానికి రసాయన బంధుత్వం ఉన్నదని తెలిసినపుడు ఊషరక్షేత్రమనే మాటను మరల తూచి చూడవలెనని అనిపించదా?

ఉప్పు, సోడా కలిసిన నీటిలో ప్రాణి ఎట్లా ఉంటుందో చూపుటకు పొరుగు రాష్ట్రమైన మహారాష్ట్రలో లోణార్ సరస్సు ఉన్నది. ఉల్క పాతంవల్ల నల్లరాతి నేలలో ఏర్పడిన గొయ్యి అది. అంగారకుని నేలలో అధిక భాగం అట్టి నల్లరాయియే. లోణార్ నీటి నుండి సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు క్షారప్రియమైన ఒక కొత్త బాక్టీరియాను కనుగొని దానికి ఇండిబాక్టర్ అని మన దేశం పేరే పెట్టారు. 2020 జూన్‌లో ఆ సరస్సు గులాబీ రంగుకు మారినపుడు, ఉప్పును ఇష్టపడే సూక్ష్మజీవులే కారణమని పరిశోధకులు నిర్ధారించారు.

మన చుట్టూ ఉన్న గుట్టలనూ ఒక్కసారి చూడండి. వేసవిలో చేయి ఆనించలేనంతగా కాలే బండలపై, వానాకాలంలో నీరు జాలువారిన దారి వెంట నల్లని చారలు కనిపిస్తాయి. చాలామంది అవి మరకలనుకొంటారు. అధిక భాగం అవి సయనోబాక్టీరియా సమూహాలు. ఎనిమిది నెలలు ఎండి, నిద్రించి, తొలకరి చినుకుతో మేల్కొనే జీవులు. వాటిని చూడని మనిషి మన ప్రాంతంలో లేడు, గమనించినవారు ఎందరు?

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. బ్రతుకుతెరువు కొరకు యువకులు ఊళ్ళు విడిచి పోతున్నచోట, పరీక్ష గట్టెక్కితే చాలుననుకొనే విద్యార్థులకు అంగారకుని ప్రాణులతో ఏమి పని? ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. ఎల్లోస్టోన్ గుండంలోని బాక్టీరియాతో కూడా నాడు ఎవరికీ పని లేదు. కాని వేడికి చెడని దాని ఎంజైమే తరువాత జన్యుపదార్థాన్ని కోట్ల రెట్లు పెంచి చూచే పి.సి.ఆర్. పద్ధతికి ఆధారమైనది. ఆ పద్ధతిని కనిపెట్టిన కేరీ ముల్లిస్‌కు 1993లో నోబెల్ బహుమతి లభించింది. 2020లో కరోనా మహమ్మారి విజృంభించినపుడు మన పల్లెలలో కూడా ప్రతివారి నోటా పలికిన ఆర్.టి.-పి.సి.ఆర్. పరీక్ష ఆ వంశానిదే. చౌటినేలను బాగుచేయుటకు జిప్సం చల్లడం, జీలుగ పెంచి కలియదున్నడం మన రైతులు ఎరిగిన ఉపాయాలు. ఉప్పును తట్టుకొనే సూక్ష్మజీవులు పంటకు ఏ విధంగా సాయపడగలవో అన్న పరిశోధన కూడా లోకమంతటా సాగుతున్నది. చౌడును చదివినవాడు అంగారకుని చేరకపోవచ్చు. తన తండ్రి పొలానికి పనికివస్తాడు.

భాషను గురించి కూడా ఒక మాట. విజ్ఞానం మన భాషలలో ఇమడదని నిరాశపడేవారు మన నగర చరిత్రను మరచిపోతున్నారు. 1917లో హైదరాబాదులో దారుల్ తర్జుమా నెలకొన్నది. భౌతిక, రసాయన, వైద్య శాస్త్రాలను అది ఉర్దూలోకి తెచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో ఉన్నత విద్య బోధించింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి తెలుగులో పాఠ్యగ్రంథాలు, పారిభాషిక పదాలు సమకూర్చింది. 2007లో భీమునిపట్నం దగ్గరి ఉప్పునీటి చెరువులో దొరికిన బాక్టీరియాకు హైదరాబాదు పరిశోధకులు మారిక్రోమేషియం భీమ్లికం అని పేరు పెట్టారు. ఒక తెలుగు ఊరి పేరు ఆ విధంగా విశ్వవిజ్ఞాన నిఘంటువులో చేరింది. ఉర్దూ, తెలుగు రెండూ పలికే మన కళాశాలకు ఈ వారసత్వంలో రెండు వాటాలు ఉన్నాయి.

కాబట్టి కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఇది. మూడు స్థలాలను ఎంచుకొందాం: ఒక చౌటిపొలం, నల్లచారలు గల ఒక బండ, వేసవిలో ఎండిపోయే ఒక చెరువు అంచు. శ్రీరంగాపురం రంగసముద్రం వంటి పాత చెరువులు మనకు సమీపంలోనే ఉన్నాయి. నెలకు ఒకసారి, యజమాని అనుమతితో, విద్యార్థులు అక్కడికి వెళ్ళి నేల వేడిని, తేమను, క్షార గుణాన్ని కొలిచి, కనిపించిన రంగులను, పొరలను, పురుగులను ఉన్నవి ఉన్నట్లు వ్రాయవలెను. ఒక థర్మామీటరు, పి.హెచ్. కాగితాలు, ఒక భూతద్దం, ఒక మంచి సూక్ష్మదర్శిని – ఇంతకంటె ఎక్కువ సామగ్రి అవసరం లేదు. పది సంవత్సరాలు విడువకుండా వ్రాస్తే అటువంటి దినచర్య పెద్ద సంస్థల వద్ద కూడా అరుదుగా ఉంటుంది. నోటుపుస్తకంలో ఎడమ పుట తెలుగు, కుడి పుట ఉర్దూ కావలెను. ఒకే వస్తువుకు రెండు భాషల మాట వెదికేటపుడు ఆ వస్తువును రెండుసార్లు చూడక తప్పదు.

విద్యార్థినీ విద్యార్థులకు ఒక నియమం చెబుతాను. నమూనా సీసాతోపాటు ప్రతిసారి ఒక శుభ్రమైన ఖాళీ సీసాను కూడా తీసుకొనిపోండి. అదే చోట మూత తెరిచి, ఏమీ నింపకుండా మూసి, తిరిగి తెచ్చి, దానిని కూడా అదే విధంగా పరీక్షించండి. నిండు సీసాలో కనిపించినది ఖాళీ సీసాలోనూ కనిపిస్తే అది నేలది కాదు; మీ చేతులది. "ఏమీ కనిపించలేదు" అని వ్రాసిన పుటను చింపకండి. అది కూడా ఒక ఫలితమే.

2024 జూలైలో పెర్సివరెన్స్ వాహనం అంగారకునిపై జెజెరో గొయ్యిలో చుక్కలు గల ఒక రాతిని తొలిచి నమూనా తీసింది. భూమిపై సూక్ష్మజీవుల వల్ల ఏర్పడే ఖనిజాల వంటివి అందులో ఉన్నాయని 2025 సెప్టెంబరులో ప్రకటించారు. ప్రాణి లేకుండా కూడా అవి ఏర్పడవచ్చునని అదే ప్రకటనలో తెలిపారు. యూరోపా చంద్రుని పరిశీలించుటకు 2024 అక్టోబరు 14న బయలుదేరిన నౌక 2030లో బృహస్పతిని చేరవలసి ఉన్నది. అప్పటికి నేటి మన ఇంటర్మీడియట్ విద్యార్థులు పట్టభద్రులై ఉంటారు. ఆ వార్త వచ్చిననాడు దానిని వట్టి వింతగా వినేవారు కొందరు, అర్థం చేసుకొని తూచి చూడగలవారు కొందరు ఉంటారు. మన విద్యార్థులు రెండవ పంక్తిలో నిలువవలెను. అందుకు కావలసిన చౌడు, బండ, చెరువు మన ఊరి చుట్టూనే ఉన్నాయి. సూక్ష్మదర్శిని ఒక్కటి కమిటీవారు సమకూర్చవలెను. తొలకరికి ముందే అది వస్తే, ఈ సంవత్సరపు మొదటి చినుకుకు బండపై ఏమి మేల్కొన్నదో వచ్చే వార్షిక సంచికలో మన విద్యార్థులే వ్రాస్తారు.